చక్రంలో నడక

"బరువు లేచిందా తల్లీ?" నడుస్తూనే అడిగాడు బోగుమిల్.

"లేస్తోంది బాబాయ్."

గ్దాన్‌స్క్ రేవులో మనుషులు పెద్ద చక్రంలో నడిచి సరుకులెత్తిన పాతకాలపు క్రేన్‌కు లుడోమిరా కంప్యూటర్‌లో ప్రాణం పోస్తోంది. ఎత్తుకు బెదరరని అప్పట్లో గుడ్డివాళ్ళను నడిపించేవారట. అందుకే చూపుపోయిన ఈ ఓడల వెల్డర్‌ని పనికి పిలిచింది. ఒంటినిండా తీగలతో ట్రెడ్‌మిల్ మీద అతనికిది నాలుగో రోజు.

నిజానికి అతని నడక మొదటిరోజే కంప్యూటర్‌కెక్కింది. రికార్డు చేసే మిషన్ని ఆమె అప్పుడే ఆపేసింది. తెరమీది బొమ్మ అతను లేకుండానే నడుస్తోంది. ఆ మాట చెప్పడానికే ఆమెకు నోరు రావడం లేదు.

"ఇక దిగండి బాబాయ్, అలిసిపోయారు."

బోగుమిల్ ఆగలేదు.

"నీ మిషను మోత ఆగి మూడు రోజులైంది. పోయినవి కళ్ళేనమ్మా, చెవులు కావు. దిగి ఎక్కడికి నడవమంటావు?"