ఆకుపచ్చ చుక్కలు

తూర్పు సొరంగంలోకి వెళ్లినవాళ్లు ఒక్కరూ తెర మీద లేరు.

పడమటి సొరంగం వాళ్లు మాత్రం అందరూ ఉన్నారు. ఒక్కొక్కరి పేరు పక్కన ఒక ఆకుపచ్చ చుక్క. చుక్క పచ్చగా ఉంటే ఆ మనిషి మంచి గాలి పీలుస్తున్నాడని. ఎర్రబడితే విషవాయువని. హెల్మెట్లలో బిగించిన పరికరాలు తీగల్లేకుండా పంపే కబుర్లను ఈ రేకుల షెడ్డులోని సర్వర్ అందుకుంటుంది. దాన్ని చూసుకునే ఆవిడను పనివాళ్లంతా కంప్యూటరమ్మ అంటారు. మొగుడూ అలాగే పిలుస్తాడు, ఉడికించడానికి.

ఆ మొగుడు పొద్దున్నే పడమటి సొరంగంలోకి వెళ్లిన డ్రిల్లర్. ఆ తరవాత తూర్పు వైపు వెళ్లిన జట్టులో ఆమె మరిది ఉన్నాడు.

రెండు జట్లూ లోపల ఉండగానే కొండ అవతల రోడ్డు పనివాళ్లు మందు పేల్చారు. లోపలికి వెళ్లే ఫోను తీగ తెగిపోయింది. కాసేపటికి, రెండు సొరంగాల గాలీ కలిసి బయటికొచ్చే గొట్టం దగ్గర కుళ్లిన కోడిగుడ్ల వాసన మొదలైంది.

రెస్క్యూ ఆఫీసరు షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆక్సిజన్ సిలిండర్లు ఒక్కసారి దిగడానికే ఉన్నాయమ్మా. రెండు వైపులా వెళ్లలేం. గాలి ఎటు చెడిందో చెప్పు."

"ఒక్క నిమిషం సార్."

ఆయన వెనకే క్యాంటీన్‌లో వంట చేసే అత్తగారు తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"చిన్నాడేడే?"

"కనపడట్లేదత్తయ్యా. తూర్పు వాళ్లెవరూ కనపడట్లేదు."

"పెద్దాడు?"

"ఇదిగో, పచ్చగా ఉన్నారు. ఆయనకేం కాలేదు."

"వాడికేమవుతుందిలే, మొండిఘటం" అంది ముసలావిడ. అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

సర్వర్ ఒకటే గోల పెడుతోంది, తెరిచిన ఫైళ్లు పరిమితికి చేరాయని. హెల్మెట్ నుంచి కబురు వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాం ఒక ఫైలు తెరవాలి, రాసుకోవాలి, మూసెయ్యాలి. నిన్న కొత్త హెల్మెట్లతో పాటు వచ్చిన ఈ ప్రోగ్రాంకు తెరవడం బాగానే వచ్చు, మూయడమే చేతకాదు. ఫ్రిజ్ తలుపు బార్లా వదిలేసి పోయే మహానుభావులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కదా, ఆ బాపతు. ఇన్నిటికి మించి తెరవడానికి వీల్లేదని ఆపరేటింగ్ సిస్టం ఎక్కడో ఒకచోట గీత గీస్తుంది. ఇప్పుడా గీత దగ్గరే అంతా ఆగింది, వెనక వచ్చిన తూర్పు వాళ్లకు చోటు లేదు.

ఆమె ఆ పరిమితిని ఎన్నో రెట్లు పెంచింది. పెరిగిందో లేదో చూసుకుంది. పెరిగింది. తూర్పు మాత్రం ఖాళీగానే ఉంది.

అప్పుడు నాలుక కరుచుకుంది. తను పెంచింది తన విండోలో. సర్వర్ ప్రోగ్రాం పొద్దున లేచినప్పుడు వెంట తెచ్చుకున్న పాత పరిమితితోనే నడుస్తోంది. వీధి గుమ్మం వెడల్పు చేయిస్తే వంటింటి గుమ్మం పెరుగుతుందా? ఆ ప్రోగ్రాం సొంత సెట్టింగుల్లో మార్చాలి. మార్చాక దాన్ని ఆపి మళ్లీ నడపాలి.

మార్చింది. ఆపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఆపితే తెర మొత్తం ఖాళీ అవుతుంది. హెల్మెట్లన్నీ మళ్లీ వచ్చి కలిసేదాకా పడమటి వాళ్లూ కనపడరు.

"దీన్ని ఆపి మళ్లీ నడిపితే తెలుస్తుంది సార్. పావుగంట పడుతుంది."

"పావుగంట ఆ గాలి పీల్చినవాడు బతకడమ్మా. పైగా ఉన్న చుక్కలు కూడా పోగొట్టుకుని నా మనుషుల్ని గుడ్డిగా దింపమంటావా? ఎటో ఇప్పుడే చెప్పు."

ఆమె మొగుడి పేరు వైపు చూసింది. చుక్క నిలకడగా, పచ్చగా ఉంది. మరిది కోసం భయపడుతున్నా, మొగుడు పచ్చగా ఉన్నందుకు లోలోపల సంతోషం కలిగింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అత్తగారు ఆమె భుజం పట్టుకుంది. "పెద్దాడు కళ్లెదురుగానే ఉన్నాడు కదమ్మా. చిన్నాణ్ణి చూడు, నీకు పుణ్యముంటుంది."

"తూర్పుకి వెళ్లండి సార్" అంది కంప్యూటరమ్మ.

జీపు దుమ్ము రేపుకుంటూ కొండ చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. షెడ్డులో ముసలావిడ చేతుల తడి ఎప్పుడో ఆరిపోయింది, అయినా కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. బయట గొట్టం దగ్గర వాసన ఇంకా ఎక్కువైందని ఎవరో అరిచారు. కోడలు లేచి కిటికీ మూసింది.

చాలాసేపటికి వాకీటాకీ గరగరలాడింది.

"కంప్యూటరమ్మా! అందరూ బయటికొచ్చేశారు. ఒక్కడికీ ఏమీ కాలేదు. నీ మరిదైతే మమ్మల్ని చూసి, ముసుగు దొంగలనుకుని పార ఎత్తాడు!"

అత్తగారు నేల మీద కూలబడి, ఏడుపూ నవ్వూ కలిపేసింది. "వెధవ. రానీ, వాడి పని చెబుతాను."

"సిలిండర్లన్నీ అయిపోయాయి. పోతే పోయాయిలే" అన్నాడు ఆఫీసరు.

ఇంక తొందరేమీ లేదు. కంప్యూటరమ్మ తేలికపడ్డ మనసుతో ప్రోగ్రాంను ఆపి, మళ్లీ నడిపింది. తెర ఖాళీ అయింది. కొత్త పరిమితి అందుకుని సర్వర్ గోల మానేసింది.

ముందుగా తూర్పు వాళ్లు వచ్చారు. మరిది పేరు, పక్కన పచ్చ చుక్క. ముసలావిడ వేలితో తెర మీద ఆ చుక్కను తడిమి, వేలిని కళ్లకద్దుకుంది.

ఆ వెనకే పడమటి వాళ్ల చుక్కలు వచ్చాయి, అన్నీ ఎర్రగా: ఫైలు తెరవలేని సర్వర్ ఇంతసేపూ ఆమెకు చూపించింది, పేలుడుకు ముందు రాసుకున్న పాత పచ్చ.