కోట తలుపు ఎలా కాలింది?

రిబ్బను చివర పోగులు ఊడకుండా కాల్చడానికి అగ్గిపుల్ల గీసిన టైలరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పుల్ల కాలుతూ కాలుతూ వచ్చి వేలు చురుక్కుమనేదాకా ఆమె ఈ లోకంలో లేదు.

"కొంప మునిగిందండీ," అంది, కుట్టు మిషను పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతున్న భర్తతో.

"ఏమైంది, కొలత తప్పిందా?"

"నా నవల్లో దాసి కోట తలుపుకి దేంతో నిప్పు పెట్టింది?"

"అగ్గిపుల్లతో. నువ్వే కదా చదివి వినిపించావు. ఒళ్ళు గగుర్పొడిచిందనుకో."

"నాలుగు వందల ఏళ్ళ కిందట అగ్గిపెట్టె ఎక్కడిదండీ?"

ఆయన మడత ఆపాడు. "ఉండేది కాదంటావా?" అన్నాడు. ఇంతకు మించిన సాయం ఆయన వల్ల కాదని ఆమెకు తెలిసిపోయింది.

నవల ఆవిష్కరణ ఆ సాయంత్రమే. పుస్తకాలు బైండింగు షాపు నుంచి తిన్నగా లైబ్రరీ హాలుకే వస్తాయి. పైగా ముఖ్య అతిథి హిస్టరీ మాస్టారు. అందరికంటే ముందు కుట్టిన కాపీ ఆయనకే పంపారు, ఆయన చదవకుండా వేదిక ఎక్కే రకం కాదు. ఆయన చేతికి చిక్కిన చారిత్రక నవల తిరిగి కోలుకున్న దాఖలా లేదు. కిందటేడు ఎవరో తన నవల్లో యుద్ధం చేసే రాజుగారి చేతికి గడియారం పెడితే, మాస్టారు మైకు ముందు నిలబడి ఆ ఒక్క వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదివాడు. పాపం, ఆ రచయిత రోడ్డుమీద కనబడితే జనం ఇప్పటికీ టైమెంతని అడుగుతున్నారు.

టైలరమ్మ కండక్టరన్నయ్యకు ఫోను చేసింది. బస్సులో టిక్కెట్లు కొడుతూనే నాలుగు చారిత్రక నవలలు రాసి, నాలుగూ సొంతంగా అచ్చేసుకున్న ఘనుడాయన. ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు ఆమె రాతప్రతిని తిప్పి పంపినప్పుడు, "వాళ్ళు వెయ్యకపోతే మానె, మనమే వేసుకుందాం," అని వెన్నుతట్టింది ఆయనే. కాగితం ఎంచడం దగ్గర్నుంచి బైండరును కుదర్చడం దాకా అన్నీ దగ్గరుండి నడిపించిందీ ఆయనే.

"సభ ఆపించెయ్యండి అన్నయ్యా," అని సంగతి చెప్పింది.

"ప్రూఫులు నేనూ చూశాను కదా చెల్లెమ్మా. నా బుర్రకీ తట్టలేదు చూడు," అన్నాడు. "అయినా కదిలిన బస్సులోంచి దూకితే కాళ్ళు విరుగుతాయి. స్టేజీ వచ్చేదాకా కూర్చోవాల్సిందే."

"నలుగురిలో నవ్వులపాలయ్యానంటే ఇక జన్మలో కలం పట్టను. ముందే చెబుతున్నా."

"పడతావులే. ముందు ముఖం కడుక్కుని బయల్దేరు."

హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళలో సగం మంది ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళే. రేపట్నుంచి వీళ్ళ మొహం ఎలా చూడాలిరా దేవుడా అనుకుంటూ వేదిక మీద ఒక మూల ముడుచుకు కూర్చుంది. బల్ల మీద పుస్తకాల దొంతర ఇంకా జిగురు వాసన వేస్తోంది. తొలి పుస్తకం, ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన పుస్తకం, అయినా చేతిలోకి తీసుకోవడానికి ధైర్యం చాలలేదు.

మాస్టారు మైకు ముందుకొచ్చాడు. పొగడ్తలు, పరిచయాలు ఆయనకు అలవాటు లేవు.

"రచయిత్రిని ఒక్కటే అడగాలి. కోట తలుపు ఎలా కాలింది?"

టైలరమ్మ కుర్చీలో ఇంకాస్త ముడుచుకుంది. పక్కన కండక్టరన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"దాసి చీకట్లో తలుపు వైపు నడుస్తుంది. అధ్యాయం అయిపోయింది. పేజీ తిప్పితే తెల్లారింది, తలుపు బూడిదైంది, రాణిగారి సేన కోట లోపలుంది. ఎవరు కాల్చారు, దేంతో కాల్చారు, ఒక్క ముక్క లేదు." మాస్టారు పుస్తకం పైకెత్తి చూపించాడు. "ఇంకొకరైతే ఆ మంటని పేజీలకు పేజీలు సాగదీసేవాళ్ళు. ఈవిడ మన ఊహకి వదిలేసింది. ఇంత నిగ్రహం ఈమధ్య ఎవరిలోనూ చూడలేదు."

చప్పట్లు మోగాయి. టైలరమ్మ, కండక్టరన్నయ్య మొహమొహాలు చూసుకున్నారు. ఆయన మెల్లగా దొంతరలోంచి ఒక పుస్తకం లాగి, ఒళ్ళో పెట్టుకుని తిప్పాడు. తొంభై ఆరో పేజీ. దాని పక్కనే నూట పదమూడు. ఇంకో పుస్తకం లాగాడు. అందులోనూ అంతే. నడుమ ఉండాల్సిన పదహారు పేజీలు కలిపి మడిచిన ఫారం కుట్టులో పడనే లేదు. అగ్గిపుల్ల అధ్యాయం మొత్తం బైండింగు షాపులోనే ఏ మూలో ఉండిపోయింది.

"ఎంత పని చేశాడు ఆ బైండరు," కండక్టరన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. "నువ్వేం బెంగపడకు చెల్లెమ్మా. రేపే అన్నీ విప్పించి మళ్ళీ కుట్టిస్తాను."

"మీకు దణ్ణం పెడతాను, ఆ పని మాత్రం చెయ్యకండి," అందామె గొంతు తగ్గించి. ఆ పదహారు పేజీల కోసం పడ్డ పాట్లు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది. అయినా అమ్మయ్య అనిపించింది. పొద్దుటి నుంచి మెతుకు ముట్టని మనిషికి ఒక్కసారిగా ఆకలేసింది.

మాస్టారు మైకును ఆమె ముందుకు జరిపాడు.

"చెప్పండమ్మా. ఎక్కడ ఏది వదిలెయ్యాలో ఇంత బాగా ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

టైలరమ్మ గొంతు సవరించుకుంది.

"మా బైండరు గారి దగ్గరండీ."