గేటు దగ్గరి బూచాడు

"వాచ్‌మన్, రోజూలాగే ఒక్కసారి కళ్ళెర్రజెయ్యి. రెండు ముద్దలే మిగిలాయి," మొదటి అంతస్తు ఇల్లాలు మెట్ల మీంచి కేకేసింది. చంకలోని మూడేళ్ళ కొడుకు మూతి బిగించాడు.

వరసగా రెండు డ్యూటీలు చేసిన వాచ్‌మన్ కుర్చీలోంచి లేవలేదు. "ఇవాళ ఓపిక లేదమ్మగారూ."

"అదిగో బూచాడు! తినకపోతే ఎత్తుకుపోతాడు," అని ఆమే బెదిరించింది. పిల్లవాడు నోరు తెరవలేదు. ఆమెకు విసుగొచ్చింది. "మీ పాప పేచీ పెట్టకుండా తింటుందా?"

"ఎక్కడమ్మా! మా ఆవిడ కూడా బూచి పేరు చెప్పే తినిపిస్తుంది."

"నిన్ను చూపించా?" నవ్విందామె.

"నేను నాన్నని కదమ్మా, నాకేం భయపడుతుంది?" అతను తల గోక్కున్నాడు. "మీ పేరు చెబుతుంది. మొదటి అంతస్తు అమ్మగారొస్తున్నారంటే చాలు, గబగబా మింగేస్తుంది."

ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పిల్లవాడు మొదటిసారి అమ్మకేసి భయంగా చూసి, నోరు తెరిచాడు.