కావాలని రాసిన తప్పు

వీడియో గేముల మీద సమీక్షలు రాసే ఆ ఇల్లాలికి ఒక కిటుకు తెలుసు. ప్రతి సమీక్షలోనూ కావాలని ఒక తప్పు రాస్తుంది. మెచ్చుకోవడానికి బద్ధకించే పాఠకులు తప్పు పట్టడానికి మాత్రం నిద్ర మానుకుని మరీ వస్తారు. కామెంట్లు కుప్పలు పడతాయి.

ఆ రాత్రి భర్త డ్యూటీకి వెళ్లాడు. పాప పడగ్గదిలో నిద్రపోతోంది. ఆమె వంటింట్లో కూర్చుని, ఒక గేములో మేడ మీద తిరిగే దెయ్యం పడగ్గదిలో ఉంటుందని రాసి ఫోన్లోంచి పంపేసింది.

ఐదు నిమిషాల్లో తిట్లు మొదలయ్యాయి.

“అక్కా, ఆడి రాశావా, కలగని రాశావా?”

“దెయ్యం మేడ మీద కదమ్మా! కళ్లు నెత్తికెక్కాయా?”

ఆమె ముసిముసిగా నవ్వుకుంది. అంతలో పేరు లేని కామెంటు ఒకటి వచ్చింది.

“నువ్వు రాసింది నిజమే. పడగ్గదిలోనే.”

“తమ్ముడూ, గేము ఇంకోసారి ఆడి చూడు” అని ఆమె జవాబిచ్చింది.

“గేము ఎవరిక్కావాలి? నీ పాప దుప్పటి తన్నేసింది. నీకేం పట్టిందిలే! కూర్చుని కామెంట్లు లెక్కపెట్టుకో.”

ఆమె ఒక్క ఉదుటున లేచి పడగ్గది గుమ్మం దాకా పరుగెత్తింది. లోపల చిమ్మచీకటి. స్విచ్చి కోసం గోడ తడిమింది. రెండో చేతిలో ఫోను ఇంకో కామెంటుతో వణికింది.

“లైటు వేశావంటే ఊరుకోను. ఇప్పుడే నిద్రపట్టింది.”

మంచం మీద నుంచి, మెత్తగా, ఆగకుండా, ఎవరో జోకొడుతున్న చప్పుడు.