స్రవంతి గదిలోకి వస్తే

నరేందర్‌కు కాలేయ క్యాన్సర్ ముదిరాక, అలాంటి రోగులందరి ఇళ్లలో పెట్టినట్టే వాళ్లింట్లోనూ గోడకు ఒక పలక బిగించారు. రోగి ఎంత హాయిగా బతుకుతున్నాడో అది నూటికి ఇంత అని చూపిస్తుంది. వారంపాటు నలభైకి దిగువనే ఉంటే రోగిని ఇంట్లోంచి సర్కారు సంరక్షణ కేంద్రానికి తీసుకుపోతారు.

మూడో రోజే భార్య స్రవంతి గమనించింది. తను జావ తెచ్చి ఇస్తుంటే అరవై ఉన్న అంకె ముప్పై ఐదుకు పడిపోతోంది.

"మీరు బయట ఉండండి. ఆయనకు బాగుంటుంది" అని పలక మెత్తగా చెప్పింది.

అతన్ని తీసుకుపోతారన్న భయంతో ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. జావ పక్కింటామె చేత పంపింది. అంకె ఎనభై దాటింది. గదిలోంచి దగ్గు కూడా వినిపించడం మానేసింది.

ఒక మధ్యాహ్నం నరేందర్ పిలిచాడు. "ఎందుకు వస్తలేవు?"

గడప అవతలే నిలబడి, "నేనొస్తే నీకు మంచిగుంటలేదంట గదా" అంది.

"నువ్వొస్తే నిన్ను ఇడిసిపోవాలె అన్నది యాదికొస్తది. భయమైతది. నువ్వు లేకుంటే ఏం యాదికి రాదు, నేనున్ననో లేనో గూడ తెల్వది. దాన్నే అది హాయంటున్నది. నాకొద్దది. రా, కూసో."

స్రవంతి వెళ్లి అతని చేయి పట్టుకుంది. అంకె ముప్పైకి దిగి అక్కడే నిలిచింది. ఆమె మళ్లీ గది వదల్లేదు.

వారం నిండిన ఉదయం కేంద్రం మనిషి వచ్చాడు. అప్పటికి నరేందర్ పోయి గంటైంది. ఆమె ఇంకా చేయి వదల్లేదు. వచ్చినవాడు మంచం వైపు చూడకుండా గోడ వైపు చూశాడు.

"తొంభై ఎనిమిదున్నది గదమ్మా, ఇంట్లనే ఉండనియ్యుండ్రి" అని వెళ్లిపోయాడు.