పందికొక్కు పోగొట్టుకున్న మేడ

కార్చిచ్చు చల్లారాక అడవిలో జంతువులన్నీ కూడబలుక్కుని, కాలిపోయిన ఇళ్ళ బూడిద ఒక్కో ఇంటి వంతున ఎత్తిపోయసాగాయి. పందికొక్కు మాత్రం తన వంతు ఎప్పుడొస్తుందా అని బెంగపడుతూ, కనబడినవాళ్ళకల్లా తన ఇంటి గొప్ప చెప్పుకుంటూ తిరిగింది. మొదట అది రెండు గదుల కలుగు. ముళ్ళపంది అయ్యో అనేసరికి మేడ అయింది. జింక కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి మేడ పక్కన ధాన్యపు కొట్లు కూడా లేచాయి.

"అంత మేడ కూలిందంటే ఎత్తడం మాటలా!" అంటూ ఎలుగుబంటి పెద్ద గంపతో వచ్చింది. దాని వెనకే అందరూ వచ్చారు.

తీరా తవ్వితే, దొరికింది గుప్పెడు బూడిద, కాస్త మాడిన గడ్డి. గంప అడుగైనా నిండలేదు. జింక నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

పందికొక్కు తల వంచుకుని, "చిన్న కలుగంటే ఎవరూ రారేమో అనుకున్నాను మావా," అంది.

ఎలుగుబంటి గంప పక్కన పెట్టి, గోళ్ళతో నేల గీరడం మొదలుపెట్టింది.

"ఈసారి కాస్త వెడల్పుగా తవ్వుకుందాం అల్లుడూ. నిన్ను పలకరించడానికి వచ్చినప్పుడు నా మూతైనా లోపల పట్టాలి గదా."