ఎవరికైనా తట్టేదే

నీరజకు పేటెంటు దక్కకుండా పోయిన రోజది.

ఓడ అడుగున కూలీలు పట్టుకునే దీపం కోసం ఆమె ఒక చిన్న పెట్టె చేసింది. చెమ్మకు కరెంటు కాస్త లీకైతే అది ఊరుకుంటుంది. మనిషికి తగిలితే ఆపేస్తుంది.

పేటెంటు ఆఫీసు అధికారి ఎప్పటిదో ఒక రేవు పత్రికలోని పటం చూపించాడు. "ఇది చూస్తే, పని తెలిసిన ఎవరికైనా మీ పెట్టె తట్టేదే," అని తిరస్కరించాడు.

ఆ సాయంత్రమే రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లోని ఆమె వర్క్‌షాపుకు ఒక ముసలాయన వచ్చాడు.

"నాను పోలిరాజునమ్మా. రేవు డాకులో ఎలక్ట్రీషియన్‌గా సేసి దిగిపోనాను. నీ పెట్టె సూసినాను. బాగుంది తల్లీ."

"ఏం బాగు తాతగారూ! ఎవరికైనా తట్టేదేనట."

"ఎవులన్నారు? మరి నాకెందుకు తట్టనేదు? నా బుర్రంత మొద్దా?" ఆయన నవ్వాడు. "సెమ్మకే స్విచ్చి పడిపోయీది. పని ఆగిపోతాదని, అది పడకుండా తీగ కట్టేసీవోలం. అలగే కరెంటు కొట్టి మా బావమరిది సోములు పోనాడు."

సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. ఇరవై ఏళ్ళ పటాలు. అన్నీ అడ్డగీత కొట్టినవే.

పరాయి రాష్ట్రంలోనే పెరిగిన నీరజకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం అంతంతమాత్రం.

"తప్పిన పటాలు నాకెందుకండీ? ఇప్పుడు కుదరదు."

"ఉంచు తల్లీ. ఏటికైనా పనికొస్తాది."

మంచినీళ్ళైనా అడగకుండా వెళ్ళిపోయాడు.

నెల తర్వాత, హైకోర్టుకు అప్పీలు రాస్తూ లాయరు సమీర అడిగింది.

"పని తెలిసినవాళ్ళే ఏళ్ళ తరబడి ప్రయత్నించి ఓడిపోయారని రుజువుందా? ఉంటే ఆ అధికారి మాట నిలవదు."

నీరజ నోటుబుక్కు పట్టుకుని పోలిరాజు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

"మామ పోయి తొమ్మిది రోజులైనాదమ్మా," అంది కోడలు అప్పలలక్ష్మి. "నీ కాడినుంచొచ్చి, ఇంక ఎవులూ తీగ కట్టక్కర్నేదర్రా అని ఒకటే సంబరం."

నీరజ నోటుబుక్కు తెరిచి ఆమె చేతికిచ్చింది.

అప్పలలక్ష్మి ఒక్కో పేజీ చదివి వినిపించింది. "సెమ్మకి పడిపోయింది." "మళ్ళీ పడిపోయింది." "సోములు పోనాడు. ఆపకూడదు."

ఆ చేతిరాత నీరజకు మెల్లగా అలవాటైంది.

అప్పీలు దాఖలు చేసేముందు ఆమె అధికారి చూపిన పాత పటాన్ని మరోసారి చూసింది. మూలన ఇన్నాళ్ళూ గీత అనుకున్నది గీత కాదు. తెలుగు అక్షరాలు. అదే చేతిరాత. కూడబలుక్కుని పేరు చదివింది.

తనకు అడ్డం పడ్డ ఆ పటం గీసింది పోలిరాజే. గీసినవాడికే ఆ పెట్టె తట్టలేదన్న మాట కోర్టుకు చెప్పడం ఇంకా మిగిలే ఉంది.